టేపు కింద గీత

ఆ ఆదివారం పొద్దున ఆరూ నలభైకి నేను మెట్‌పల్లిలో మా ఇంటి వరండాలో కూర్చుని పాత డైరీలు చదువుతున్నాను. జైనూర్‌లో ఏడు గంటలకు సైకిల్ పోటీ మొదలవుతుంది. అందులో ఒక అమ్మాయి నా సైకిల్ మీద పోటీ చేస్తోంది. ఆమె నాకు సొంత కూతురు కాదు, కానీ నన్ను పెద్దబాపు, అంటే పెదనాన్న, అని పిలుస్తుంది. వాళ్ల బాపు, నేను బొగ్గుగని వర్క్‌షాపులో ఒకే బెంచి మీద పాతికేళ్లు పనిచేశాం. ఆయన పోయాక ఆ ఉద్యోగం బదులు ఈమెకు లాంప్‌రూములో పని ఇచ్చారు. గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించి, పైకి వచ్చాక తిరిగి తీసుకునే పని.

రోజూ పొద్దున ఆ తేదీన వెనకటి సంవత్సరాల్లో ఏం రాశానో చూసుకోవడం నాకు అలవాటు. ఇది ఉద్యోగంలో పట్టిందే. మా వర్క్‌షాపులో షిఫ్టు మారేటప్పుడు, దిగిపోయేవాడు తాను చేసిన పని పుస్తకంలో రాసి, ఎక్కేవాడికి చదివి వినిపించాలి. వినిపించి సంతకం తీసుకోవాలి. రాసి ఊరుకుంటే మా ఫోర్‌మన్ లెక్కలో అది రాసినట్టు కాదు.

మూడేళ్ల కిందటి డైరీ తెరిచాను. నా చేతిరాతే. "నడుము నొప్పి తగ్గలేదు. వంగి తొక్కడం కష్టంగా ఉంది. సైకిల్ హ్యాండిల్ రెండు వేళ్ల ఎత్తు పైకి లేపాను. కాడ మీద గీత బయటపడింది. తుప్పు పట్టకుండా గ్రీజు పూసి, నల్ల టేపు చుట్టాను."

రెండోసారి చదివాను. టీ గ్లాసు కింద పెట్టాను.

ఆ గీత గురించి చెప్పాలి. హ్యాండిల్‌ను మోసే ఇనుప కాడ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. కాడ అడుగున ఏటవాలుగా కోసిన ముక్క ఒకటి ఉంటుంది. పైనుంచి బోల్టు బిగిస్తే ఆ ముక్క పక్కకు జరిగి గొట్టం గోడను లోపలినుంచి ఒత్తిపట్టుకుంటుంది. గొట్టం కింది భాగంలో గోడ మందంగా ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. పై భాగంలో బయటివైపు మరలు కోసి ఉంటాయి. అక్కడ గోడ సగమే. అందుకే కాడ మీద ఒక గీత గీస్తారు. ఇంతకంటే పైకి లేపొద్దని దాని అర్థం. లేపితే ఆ ముక్క మరలున్న చోట బిగుసుకుని, పలచటి గోడను రోజుకింత తెరుస్తూ పోతుంది. ఒకనాడు గొట్టం తెగిపోతే హ్యాండిల్ కాడతో సహా చేతిలోకి వచ్చేస్తుంది.

ముప్పై మూడేళ్లు ఫిట్టర్‌గా చేసినవాడికి ఇది తెలియదా? తెలుసు. నేను కాలువ గట్టు మీద మెల్లగా తొక్కేవాణ్ణి, నాకేమవుతుందిలే అనుకున్నాను. నాకేమీ కాలేదు కూడా. ఆ తర్వాత ఏడాదికి తొక్కడం మానేసి ఆమెకు ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు గేర్లు ఎట్లా మార్చాలో చెప్పాను, చక్రాలు ఎట్లా తీయాలో చెప్పాను, బ్రేకు తీగలు ఎన్నాళ్లకు మార్చాలో చెప్పాను. టేపు సంగతి చెప్పలేదు. గుర్తుకే రాలేదు. ఆమె వాళ్ల బాపులాగే పొడగరి. ఫ్రేము ఆమెకు కొంచెం చిన్నది కాబట్టి ఎత్తు లేపిన హ్యాండిల్ ఆమెకు సరిగ్గా కుదిరింది. దాన్ని మాత్రం కదిలించొద్దని తనే అంది.

ఇంతే అయితే ఆదివారం గడిచాక చూసుకుందాం అనుకునేవాణ్ణేమో. కానీ పన్నెండు రోజుల కిందట నేను మందుల కోసం కంపెనీ ఆసుపత్రికి పోయి, అక్కడినుంచి వాళ్ల క్వార్టర్‌కు పోయాను. అప్పుడు ఆమె ఒక మాట చెప్పింది. ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ గట్టిగా గుంజితే ఎక్కడో టిక్కుమంటోందట.

నేను గని పద్ధతిలో చూశాను. గనిలో పనికి దిగిన ప్రతివాడూ ముందు కర్రతో పైకప్పును తట్టి వింటాడు. బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. నా చెవికి ఆ తేడా నిద్రలో కూడా తెలుస్తుంది. సైకిల్‌ను గోడకు ఆనించి, చిన్న స్పానర్‌తో ఒక్కో గొట్టాన్నీ మొదలునుంచి చివరదాకా తట్టాను. అన్నీ గుడిగంటలా పలికాయి. చప్పుడు చైనుదే అయ్యుంటుందని తేల్చి, నూనె వేసి ఇచ్చాను. వాళ్ల అవ్వ గడపలో నిలబడి అంతా చూసింది. కూతురు రోడ్ల మీద పందేలకు పోవడం ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఆ రోజు మాత్రం, "నువ్వు జూసి మంచిగున్నదన్నవంటే నాకింక ఫికర్ లేదు బావా," అంది.

నేను తట్టింది ఫ్రేమును. ఫోర్కు గొట్టం ఫ్రేము లోపల, గ్రీజులో, బేరింగుల మధ్య దాగి ఉంటుంది. దాని మాట బయటికి వినపడదు. ఇది నాకు ఆ ఆదివారం పొద్దున తట్టింది.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. స్విచాఫ్. పోటీలో ఉన్నవాళ్ల ఫోన్లు నిర్వాహకుల బండిలో పెడతారని ఆమె చెప్పిన సంగతి గుర్తొచ్చింది. పోటీ కరపత్రం మీదున్న నంబరుకు చేశాను. నాలుగోసారికి ఎవరో ఎత్తాడు. మైకు మోతలో నా మాట అతనికి సగమే వినిపించింది. "సార్, గిప్పుడే జెండా ఊపిండ్రు, అందరు పోయిండ్రు," అన్నాడు. ఒక సైకిల్‌లో లోపం ఉంది, ఆపమని చెప్పాను. రేసు మధ్యలో ఎవరినీ ఆపే పవరు తనకు లేదన్నాడు. ఆడవాళ్లలో మొదటి ఇద్దరినే జిల్లా జట్టుకు తీసుకుంటారట, ఊరికే ఆపితే తన మీదికొస్తారట. ఎవరికి చెప్పాలి అని అడిగేలోపు లైను తెగింది. తర్వాత కలవలేదు. ఆ అడవి దారిలో సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు.

పోటీ జైనూర్‌లో మొదలై, ఉట్నూరు మీదుగా వచ్చి, ఘాట్ దిగి ఖానాపూర్‌లో ముగుస్తుంది. ఉట్నూరు దాకా ఎత్తుపల్లాల దారి. ప్రమాదం ఘాట్‌లో ఉంది. దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు పట్టాలి. బ్రేకు పట్టినప్పుడల్లా ఒంటి బరువంతా చేతుల మీదుగా ఆ గొట్టం మీదికే వస్తుంది. ఆమె ఘాట్ పైకి చేరడానికి గంటన్నర పైనే పడుతుందని లెక్క వేశాను. స్కూటర్ మీద నాకు గంటా పావు. బోల్టు విప్పే అలెన్ కీ, చిన్న కర్ర సుత్తి, టార్చి, ఒక పాత తువ్వాలు సంచిలో వేసుకున్నాను. విషయం విని మా ఆవిడ, "రాసుడు రాసుడే గని నీకు చెప్పుడు రాదాయె," అంది. తలుపు తీసింది.

గోదావరి వంతెన దాటేదాకా దారి బాగానే ఉంది. దాటాక రెండు గొర్ల మందలు ఎదురొచ్చాయి. హారన్ కొడితే గొర్రెలు చెదురుతాయి, ఇంకా ఆలస్యం. ఇంజను ఆపి నిలబడ్డాను. నిలబడ్డ ఆ కాసేపూ నా కళ్లకు ఆ సైకిలే కనిపించింది.

అది మన దేశపు సైకిల్ కాదు. మా గనిలో కొత్త యంత్రాలు బిగించడానికి బయటి దేశంనుంచి వచ్చిన ఒక ఇంజనీరుది. ఆయన వయసులో ఉన్నప్పుడు జీతానికి సైకిల్ తొక్కినవాడు. వాళ్ల దేశంలో అదొక ఉద్యోగం. రోజుకు వంద మైళ్లు, వారాల తరబడి, కొండల మీదుగా పందెం. ఆయన గెలిచేవాడు కాదు. తమ జట్టులో గెలవాల్సినవాడికి గాలి తగలకుండా ముందు తొక్కడం, నీళ్ల సీసాలు తెచ్చివ్వడం, అతని చక్రం పంక్చరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చేసి రోడ్డు పక్కన నిలబడటం ఈయన పని. ఫ్రేము పై గొట్టం కింద నంబరు పలక బిగించే చిన్న చెవి ఇప్పటికీ ఉంది. పందెం సైకిళ్లకే అది ఉంటుందని ఆయనే చూపించాడు. పల్చటి ఉక్కు గొట్టాలు, రెండు చివర్ల మందంగా, నడుమ కాగితంలా. అతుకుల దగ్గర వెల్డింగు కాదు, ఇత్తడి పోత. మా మామూలు సైకిల్ బరువులో సగం కూడా ఉండదు. కార్మికుల కాలనీలో నేను దాన్ని ఒక వేలితో ఎత్తి చూపిస్తే జనం గుమిగూడేవాళ్లు. ఒకసారి చక్రం వంకర తీసి ఇచ్చాను. వెళ్లిపోయేటప్పుడు ఆయన సైకిల్‌ను నా బెంచికి ఆనించి పెట్టి, ఏమీ చెప్పకుండా చెయ్యి కలిపి పోయాడు.

ఈ రోజుల్లో పోటీలకు వచ్చేవాళ్లవి నల్లటి, లావు గొట్టాల కొత్త సైకిళ్లు. వాటి ముందు ఇది ముసలిది. మొదటి పోటీలో ఒకడు, మ్యూజియం కెళ్లి తెచ్చినవా అని అడిగాడట. ఆమె వాణ్ణి ఎత్తులో దాటిపోతూ, టికెట్ కొనుక్కొని సూడు అందట. ఆ మాట చెప్పి ఆమె ఎంత నవ్విందో.

మందలు దాటేసరికి పన్నెండు నిమిషాలు పోయాయి.

ఖానాపూర్ దాటి ఘాట్ మొదట్లోకి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. పక్కన ఒక హోంగార్డు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఎటు కాకా? రోడ్డు బంద్ ఉన్నది. సైకిళ్లు దిగుతయ్."

ఒక సైకిల్ ఫోర్కు పగిలి ఉండొచ్చని, ఆ అమ్మాయిని పైనే ఆపాలని చెప్పాను.

"అయితే ఈడనే ఆగు. ఈడికే గద వచ్చేది. వచ్చినంక చెప్పు."

"ఈడిదాకా రాకపోతే?"

అతను నా ముఖంలోకి చూశాడు. సంచిలోంచి కనిపిస్తున్న సుత్తిని చూశాడు. లేచి తాడు వదులు చేశాడు.

"అంచు పట్టుకొని పో. ఎవలన్న అడిగితే నన్ను జూడలేదను."

ఘాట్ సగంలో ఉండగా మొదటి మగవాళ్లు ఎదురొచ్చారు. చప్పుడు ముందు, మనుషులు తర్వాత. కొండలోయలో గాలి చీల్చుకుంటూ ముగ్గురు నా పక్కనుంచి పోయారు. వాళ్ల బ్రేకులు కీచుమన్నాయి. ఆమె వాళ్ల వెనకే ఉంటే? అప్పుడు చెయ్యి ఊపి ఆపాలా, ఊరుకోవాలా? చెయ్యి ఊపితే గట్టిగా బ్రేకు పడుతుంది. ఆ బ్రేకుకే గొట్టం తెగొచ్చు. ఊరుకుంటే కింది మలుపులో పడుతుంది. ఎదురొచ్చే ప్రతి టోపీలోనూ పసుపు రంగు వెతికాను, కనిపించకూడదని. ఆమెది పసుపు టోపీ.

పైకి చేరాను. ఘాట్ దిగడానికి ముందు రోడ్డు చిన్న ఎత్తు ఒకటి ఎక్కుతుంది. ఆ ఎత్తులో ఎంతటివాడైనా నడక వేగానికి వస్తాడు. స్కూటర్ అక్కడ నిలబెట్టి రోడ్డు మధ్యకు వచ్చాను.

ఒక అమ్మాయి దాటిపోయింది. ఇంకో రెండు నిమిషాలకు పసుపు టోపీ. పెడళ్ల మీద లేచి నిలబడి, హ్యాండిల్‌ను కుడికీ ఎడమకూ గుంజుతూ ఎక్కుతోంది. ఆ గుంజుడు చూస్తూ నిలబడటం కష్టమైంది.

నన్ను చూసి ఆమె ఆగింది. కాలు కింద పెట్టి, "అవ్వకేమన్న అయిందా?" అంది.

"అవ్వకేం గాలే. సైకిల్ దిగు బిడ్డా."

"దిగుడేంది?"

"హ్యాండిల్ కింద గొట్టం పగిలిందని అనుమానం."

"అనుమానమా!" ఊపిరి అందక ఆగింది. "నువ్వే గద కొట్టి జూసినవ్. ఖంగుమన్నదన్నవ్. నేను రెండో నంబర్ల ఉన్న పెద్దబాపు. పక్కకు జరుగు."

నేను జరగలేదు. కాడ మీది నల్ల టేపు కొస గోటితో లేపి ఒక్క గుంజు గుంజాను. టేపు కింద గీత బయటపడింది, వేలి మందం పైకి.

"ఇది లోపల ఉండాలె. నేనే లేపిన. నేనే కప్పిన. నీకు చెప్పలే."

ఆమెకు సైకిళ్ల సంగతి తెలుసు. ఆ గీత వైపు చూసింది. వెనక రోడ్డు వైపు చూసింది. ఎవరూ కనిపించడం లేదు ఇంకా.

"ఐదు నిమిషాలు," అంది. "లోపట ఏం లేకుంటే మల్ల మా ఇంటికి రాకు."

బోల్టు రెండు చుట్లు వదులు చేసి, పైన సుత్తితో కొట్టాను. మామూలుగా ఒక దెబ్బకు కాడ వదులవుతుంది. కాలేదు. మళ్లీ కొట్టాను. ఆమె ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుంది, నేను హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పాను. గొట్టం వంగి కాడను పట్టేసి ఉండొచ్చు, లేదా ఇది ఒట్టి తుప్పే అయ్యుండొచ్చు. అప్పుడు మూడో అమ్మాయి వచ్చింది. మమ్మల్ని చూసి తల తిప్పుతూ దాటిపోయింది. పాపం, ఏమైందని అడగబోయి అడగలేదు. నా ఎదురుగా ఉన్న ముఖాన్ని నేను చూడలేదు.

నాలుగో దెబ్బకు కదిలింది. కాడను పైకి లాగాను. బ్రేకు తీగలకు వేలాడుతూ హ్యాండిల్ పక్కకు వాలింది. గొట్టంలోకి టార్చి వేశాను. నల్లటి గ్రీజు తప్ప ఏమీ లేదు. తువ్వాలు కొస మెలిపెట్టి లోపల తుడిచాను. మళ్లీ వేశాను. మెరుస్తున్న ఉక్కు, నునుపుగా.

"ఏమున్నది?" అంది.

చూపుడు వేలు లోపలికి పోనిచ్చి గోడ వెంట తిప్పాను. వెనకవైపు ఏమీ లేదు. కుడివైపు ఏమీ లేదు. ముందువైపు వచ్చేసరికి గోరు పట్టుకుంది. వెంట్రుక మందం పగులు. గోరు తీయకుండా తిప్పుతూ పోయాను. అది ముందునుంచి ఎడమకు, ఎడమనుంచి వెనక దగ్గరిదాకా పోయింది. సగం చుట్టు పైనే.

చెయ్యి తీసి పక్కకు జరిగాను. ఆమె చేతి తొడుగు విప్పి తన వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు. ఆ లోపల నాలుగో అమ్మాయి కూడా పోయింది.

రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. గ్రీజు అంటిన వేలిని చూసుకుంటూ అంది: "టిక్కుమనవట్టి నెల దినాలు. గిదే ఎక్కి రోజు తిరిగిన."

"అవును."

"పొద్దుగాల యాదికొచ్చిందా నీకు?"

"చదివిన. మూడేండ్ల కింద రాసుకున్న."

"రాసుకున్నవ్," అంది. నవ్వింది, కానీ అది ఆ మ్యూజియం మాట చెప్పిన రోజు నవ్వు కాదు.

వెనకబడినవాళ్ల కోసం వచ్చే వ్యాను అరగంటకు వచ్చింది. సైకిల్‌ను అందులో ఎక్కించారు. ఆమె వ్యాను ఎక్కనంది. నా స్కూటర్ వెనక కూర్చుంది. ఘాట్ దిగుతుంటే ప్రతి మలుపు ముందూ, తనైతే అక్కడ ఎంత బ్రేకు పట్టేదో నా వీపు వెనకనుంచి చెప్తూ వచ్చింది. ఈడ బ్రేకు పట్టకపోదు. ఈడ జర పట్టుదు. ఈడ గట్టిగ పట్టుదు. ఆ మలుపులో లోయవైపు గోడ విరిగి ఉంది.

కింద దిగాక ఒక మాట అడిగింది. వాళ్ల అవ్వకు చైను తెగిందని చెప్తానంది, నన్నూ అదే చెప్పమంది. ఉన్నది చెప్తే ఇంకెప్పుడూ సైకిల్ ఎక్కనివ్వదని భయం. వచ్చే ఏడు ఇంకో పోటీ ఉంది. నేను సరే అనలేదు, కాదనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చైను అని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదని కాదు. పన్నెండు రోజుల కిందట కూడా చైనే అని చెప్పాను. ఒకే ఇంటికి ఒకే అబద్ధం రెండుసార్లు మోయడం నావల్ల కాలేదు.

మర్నాడు మొదటి బస్సెక్కి కాలనీకి పోయాను. వాళ్ల అవ్వ టీ తెచ్చి పెట్టింది. నేను గ్లాసు ముట్టకుండా హ్యాండిల్ లేపిన రోజునుంచి ఘాట్ దాకా చెప్పాను. ఆ అమ్మాయి వంటింటి తలుపు దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. ఆ చూపు నాకు వారాల తరబడి గుర్తుంది. నేను ఆగాక వాళ్ల అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది.

కూతుర్ని తిడుతుందనుకున్నాను. నన్ను లేచి పొమ్మంటుందనుకున్నాను.

"గా బండికి ఇంక నువ్వు జేసినయి ఏమేమున్నయ్ బావా?" అంది. "అన్ని చెప్పు. అది మల్ల ఎక్కుతది. నేను వద్దన్న ఎక్కుతది."

కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. వెనక చక్రానికి మార్చిన రెండు స్పోకులతో మొదలుపెట్టాను.